కొబ్బరికి పిలకలు రావు: సిప్పీఘాట్ తోట, టిష్యూ కల్చర్ సీసా

కణజాల వర్ధనం మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మన జవాబులన్నీ ఒకే అచ్చులోంచి ఊడిపడతాయి. నిర్వచనం రెండు లైన్లు, 1902లో హేబర్లాంట్ ఊహ, తెగుళ్లు లేని మొక్కలు, ఏడాది పొడవునా ఉత్పత్తి, అంతరించే జాతుల పరిరక్షణ. ఉదాహరణ అడిగితే అరటి. ఆ చివరి మాట, ‘అంతరించే జాతుల పరిరక్షణ’, రాసేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. ఒక చెట్టు జాతిని సీసాలో పెట్టి కాపాడాలంటే నిజంగా ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎన్నేళ్లు చేయాలి అని ఆగి ఆలోచించం. ఈ వ్యాసం ఆ ఒక్క లైను గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చెట్ల విషయంలో ల్యాబు తోటకు తోడుగా ఉండాలి. తోటను వదిలేసి ల్యాబు కడితే కొన్నాళ్లకు ఆ ల్యాబులో పెంచడానికి కొత్తగా ఏమీ మిగలదు. ఉదాహరణగా అరటిని పక్కనబెట్టి కొబ్బరిని తీసుకుంటున్నాను. చోటు సిప్పీఘాట్.

శ్రీ విజయపురం నుంచి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్ అని రాసుకున్న ఊరి నుంచి, సుమారు 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది సిప్పీఘాట్. పర్యాటకులకు తెలిసిన సిప్పీఘాట్ ఎనభై ఎకరాల ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం. లవంగం, జాజికాయ, దాల్చిన చెక్క, మిరియాల తీగలు చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. పక్షులు చూసేవాళ్లకు తెలిసిన సిప్పీఘాట్ వేరు. అది ఉప్పునీటి మడుగుల చోటు. ఆ మడుగులు తాతలనాటివి కావు. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అల వచ్చిన రోజే వెనక్కి పోయింది, కుంగిన నేల మాత్రం అలాగే ఉండిపోయింది. పల్లంలో వరి పండిన పొలాల్లోకి పోటు నీరు రావడం, పాటుకు పోవడం రోజువారీ పనైంది. మళ్లు కొంగల పాలయ్యాయి.

మన వ్యాసానికి కావలసింది మూడో సిప్పీఘాట్. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ ఇక్కడ ప్రపంచ కొబ్బరి జన్యువనరుల కేంద్రాన్ని పెట్టింది. 1981లో పసిఫిక్ దీవుల నుంచి, అంటే ఫిజీ, పాపువా న్యూ గినీ, ఫ్రెంచ్ పాలినీషియా లాంటి చోట్ల నుంచి, సేకరించిన ఇరవై నాలుగు రకాల కొబ్బరిని ఇక్కడ నాటారు. అంత దూరం నుంచి తెచ్చి అండమాన్‌లోనే ఎందుకు నాటారు? కేరళకో కోనసీమకో నేరుగా తీసుకురావచ్చు కదా? కారణం క్వారంటైన్. ఫిలిప్పీన్స్‌లో కడాంగ్-కడాంగ్ అనే జబ్బు కోట్లాది కొబ్బరి చెట్లను చంపింది. దాన్ని కలిగించే వైరాయిడ్ మొత్తం 246 న్యూక్లియోటైడ్ల ముక్క. వైరస్ కన్నా చిన్నది, కంటికి కనపడదు, మందు లేదు. అలాంటిది ఏదైనా కాయతో పాటు వస్తే సముద్రం మధ్యలోనే ఆగిపోవాలి, మెయిన్‌లాండ్ తోటలకు అంటకూడదు. కాలాపానీ కాలం నుంచి ఈ దీవులను దూరంగా పెట్టడానికే వాడారు. కొబ్బరి విషయంలో ఆ దూరం మేలు చేసింది.

ఆ పసిఫిక్ సంపద నుంచే పోర్ట్ బ్లెయిర్‌లోని కేంద్ర దీవుల వ్యవసాయ పరిశోధన సంస్థ అన్నపూర్ణ, సూర్య, ఓంకార్, చందన్ అనే పొట్టి రకాలను ఎంపిక చేసి విడుదల చేసింది. మొదటిది కొబ్బరి కోసం, మిగతావి ఇళ్ల ముందూ తోటల్లోనూ అందానికి పనికొచ్చే రంగు కాయల రకాలు. దీవుల సొంత కొబ్బరి కూడా తక్కువదేమీ కాదు. తమిళనాడులోని వేప్పంకుళం కేంద్రం విడుదల చేసిన వీపీఎం-3 రకానికి మూలం అండమాన్ ఆర్డినరీ అనే ఇక్కడి పొడుగు కొబ్బరే.

ఇక తెలుగువాడికి ఈ తోటతో ఏం పని అని అడగవచ్చు. రెండు పనులున్నాయి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన కుటుంబాలే. రెండోది అంతకన్నా పెద్దది. మన కొబ్బరి తోటలు తుపాను దారిలో ఉన్నాయి. 1996 నవంబరులో కోనసీమ, 2018 అక్టోబరు 11న తిత్లీతో ఉద్దానం. ఉద్దానంలో లక్షల చెట్లు కూలిపోయాయి. వరి పోతే వచ్చే కారుకు మళ్లీ నాటుకోవచ్చు. కొబ్బరి పోతే పొడుగు రకం కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు, నిండు కాపుకు ఇంకొన్నేళ్లు. అప్పుడు రైతు అడిగే మొదటి ప్రశ్న మొక్కలెక్కడ అని. మంచి మొక్కలు ఎప్పుడూ చాలవు.

ఎందుకు చాలవో అర్థం కావాలంటే కొబ్బరి ఒడ్డూ పొడుగూ చూడాలి. మామిడికి అంటు కడతాం. మల్లెకు కొమ్మ గుచ్చుతాం. అరటికి పిలక తీస్తాం. కొబ్బరికి ఇవేవీ కుదరవు. దానికి కొమ్మలు లేవు, పిలకలు రావు. పెరిగేదంతా ఒక్క మొవ్వులోంచే. ఆ మొవ్వు కుళ్లితే చెట్టు పోయినట్టే. కాబట్టి కొత్త మొక్క రావాలంటే కాయే దారి. ఒక కాయకు ఒక మొక్క. ఏడాదికి ఎనభై కాయలు కాసే చెట్టు నుంచి, ప్రతి కాయా మొలిచినా, ఎనభై మొక్కలకు మించి రావు. పైగా పొడుగు రకాలు పరపరాగ సంపర్కం చేసుకునేవి. తల్లి ఎంత గొప్పదైనా తండ్రి ఎవరో తెలియదు. అందుకే ఒకే చెట్టు కాయల నుంచి వచ్చిన ఎనభై మొక్కలూ ఎనభై రకాలుగా ఉంటాయి. కోనసీమలో అనుభవమున్న రైతు తల్లి చెట్టును ఏళ్ల తరబడి చూసి, గెలల సంఖ్య చూసి, నారుమడిలో ముందు మొలిచినవాటినీ కాండం లావుగా ఉన్నవాటినీ ఏరుకుంటాడు. శాస్త్రవేత్త చేసేదీ దాదాపు అదే, పుస్తకంలో రాసుకుంటాడు అంతే.

సంకర రకాలు ఈ చిక్కును కొంత విప్పాయి. 1930ల్లో నీలేశ్వరంలో పొడుగు, పొట్టి రకాలను కలిపి చేసిన సంకరాల్లో సంకరతేజం కనపడిందని 1937లో ప్రకటించారు. ప్రపంచంలో కొబ్బరికి అదే మొదటిది. మన అంబాజీపేట పరిశోధన కేంద్రం తూర్పు కోస్తా పొడుగు రకాన్ని గంగబొండంతో కలిపి గోదావరి గంగ చేసింది. అయితే సంకర విత్తనం చేయాలంటే మనిషి చెట్టెక్కాలి. పూగుత్తిలో మగపూలు విచ్చకముందే తీసేయాలి, సంచి కట్టాలి, ఆడపూలు సిద్ధమైన రోజుల్లో మళ్లీ మళ్లీ ఎక్కి పుప్పొడి చల్లాలి. ఆ తర్వాత పదకొండు పన్నెండు నెలలకు కాయ ముదురుతుంది. ఇంత చేస్తే చెట్టుకు దొరికేవి కొన్ని డజన్ల కాయలు.

ఇలాంటి పంటకు టిష్యూ కల్చర్ వరంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఒక మేలు చెట్టు కణజాలం నుంచి అచ్చం అలాంటివే వేల మొక్కలు. కానీ కొబ్బరి ఈ విషయంలో మహా మొండిది. ఇందులో ఒక తమాషా ఉంది. 1941లో వాన్ ఓవర్‌బీక్, ఆయన సహచరులు ఉమ్మెత్త జాతి మొక్క లేత పిండాలను సీసాలో పెంచడానికి కొబ్బరి నీళ్లు వాడారు. కణ విభజనను ప్రేరేపించే పదార్థాలు అందులో పుష్కలం. 1958లో స్టీవార్డ్ క్యారట్ కణాల నుంచి పూర్తి మొక్కను తెప్పించినప్పుడూ వర్ధనంలో కొబ్బరి నీళ్లున్నాయి. లోకంలోని మొక్కలన్నింటికీ ఉగ్గుపాలు పోసిన కొబ్బరి, తాను మాత్రం సీసాలో పెరగనంది.

ఇంగ్లండ్‌లోని వై కాలేజీలో 1970ల నుంచి ప్రయత్నించారు. 1980ల మొదట్లో కొన్ని మొక్కలు వచ్చాయి, పద్ధతి మాత్రం నమ్మకంగా నిలబడలేదు. తర్వాత పరిశోధకులు పూగుత్తిని వదిలి పిండంలోని ప్రథమ కాండం వైపు మళ్లారు. మెక్సికోలో యుకటాన్ శాస్త్రవేత్తలు, మన కాసరగోడ్ వాళ్లు ఆ దారిలో చాలా దూరం వెళ్లారు. దారి సుగమమే, కాకపోతే పిండం అంటే ఇంకా కాయని చెట్టు. మేలైనదని రుజువైన తల్లికి నకలు కాదది, ఆ తల్లి బిడ్డకు నకలు. 2021లో బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ బృందం పిండం మొవ్వు నుంచి పక్క చిగుళ్లు వేయించి, వాటిని విడదీసి పెంచే పద్ధతిని ప్రకటించింది. పిలకలు రాని చెట్టుకు సీసాలో పిలకలు తెప్పించినట్టన్నమాట. ఇది నిజంగా పెద్ద అడుగు. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు.

సిప్పీఘాట్ కథలో టిష్యూ కల్చర్ చేసిన అసలు మేలు మాత్రం వేరే చోట ఉంది, మన నోట్సుల్లో అది కనపడదు. పసిఫిక్ రకాలు దీవిలో క్షేమంగా పెరిగాక వాటిని మెయిన్‌లాండ్‌కు ఎలా తేవాలి? కాయలు తెస్తే బరువు, చోటు, దారిలో మొలకలు, వాటితో పాటు పురుగులు. కాసరగోడ్ శాస్త్రవేత్తలు పిండాలను తేవడం మొదలుపెట్టారు. కాయ పగలగొట్టి, కన్ను కింద ఉన్న కొబ్బరిని గుండ్రటి పనిముట్టుతో బిళ్లలా తీస్తే అందులో పిండం ఉంటుంది. వేరుశనగ గింజంత కూడా ఉండదు. దాన్ని శుద్ధి చేసి, క్రిమిరహితంగా తీసుకొచ్చి, ల్యాబులో సీసాలో మొలిపించి, కుండీలోకి, తర్వాత తోటలోకి మార్చారు. కిలోకు పైగా తూగే కాయ చేసే ప్రయాణాన్ని చిటికెడు పిండం చేసింది. ఇక్కడ మొక్కల సంఖ్య పెరగలేదు. ఒక పిండానికి ఒక మొక్కే. అయినా ఇది కణజాల వర్ధనమే, నా దృష్టిలో కొబ్బరికి ఇప్పటిదాకా అది చేసిన అతిపెద్ద ఉపకారం. తర్వాత హిందూ మహాసముద్ర దీవుల నుంచి రకాలను సేకరించినప్పుడూ ఇదే పద్ధతి పనికొచ్చింది. 1998లో కర్ణాటకలోని కిడులో దక్షిణాసియా కోసం అంతర్జాతీయ కొబ్బరి జన్యునిధి ఏర్పడితే, దాని వెనక ఇలాంటి ప్రయాణాలున్నాయి.

ఫిలిప్పీన్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. అక్కడ మకపునో అనే కొబ్బరి ఉంది. కాయంతా మెత్తటి జున్నులాంటి కొబ్బరి, ధర ఎక్కువ. కానీ ఆ కాయ తనంతట మొలవదు, లోపలి కొబ్బరి పిండానికి ఆహారం ఇవ్వలేదు. 1960ల్లో ఎమెరిటా డి గుజ్మాన్ ఆ పిండాలను తీసి సీసాలో పెంచి చెట్లు చేసింది. తల్లి పాలు పడని బిడ్డను పోతపాలతో బతికించినట్టు.

మరి అచ్చుగుద్దినట్టు వేలల్లో క్లోన్లు చేసి రైతులకు అమ్మడం సంగతి? అక్కడే నాకు భయం. ఆ భయానికి కారణం ఊహ కాదు, కొబ్బరి దాయాది ఆయిల్ పామ్ అనుభవం. మలేసియాలో ఆయిల్ పామ్‌ను టిష్యూ కల్చర్‌లో పెంచి తోటల్లో నాటారు. మొక్కలు చక్కగా ఉన్నాయి, ఆకులు పచ్చగా ఉన్నాయి. ఏళ్లు గడిచి పూత వచ్చాక 1980ల్లో లోపం బయటపడింది. కొన్ని చెట్లలో పూలు వంకర తిరిగి, మగ భాగాలు ఆడ భాగాల్లా మారి, కాయ నిలవలేదు. దీనికి ‘మాంటిల్డ్’ అని పేరు పెట్టారు. కారణం దొరికేసరికి 2015 అయింది. డీఎన్‌ఏ అక్షరాలు మారలేదు. వాటి మీదుండే మిథైల్ గుర్తులు ఒకచోట చెరిగిపోయాయి. అలా చెరిగిన జన్యుఖండం పేరు ‘కర్మ’. గుర్తులు ఉన్న రూపానికి ‘మంచి కర్మ’, పోయిన రూపానికి ‘చెడ్డ కర్మ’ అని ఆ పరిశోధకులే పేర్లు పెట్టారు. పేరు బాగానే ఉంది, అనుభవించింది మాత్రం నాటినవాళ్లు.

దీని నుంచి మన పరిపాలన నేర్చుకోవలసింది ఒకటుంది. 2006లో బయోటెక్నాలజీ విభాగం టిష్యూ కల్చర్ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ వ్యవస్థ పెట్టింది. మొక్కలో వైరస్ ఉందా, జన్యుపరంగా తల్లితో సరిపోతుందా అని చూసి ముద్ర వేస్తారు. అరటికి ఇది అద్భుతంగా పనిచేసే ఏర్పాటు. కానీ మామూలు డీఎన్‌ఏ మార్కర్ పరీక్షలో ‘చెడ్డ కర్మ’ పట్టుబడదు, ఎందుకంటే అక్షరాలన్నీ సరిగ్గానే ఉంటాయి. అరటిలో తప్పు జరిగితే ఏడాదిలో తెలుస్తుంది, రైతు మరుసటి ఏడు సరిదిద్దుకుంటాడు. కొబ్బరిలో తప్పు తెలిసేసరికి రైతు ఆరేళ్లు నీళ్లు పెట్టి, ఎరువు వేసి, అంతరపంట తగ్గించుకుని ఉంటాడు. ఎకరానికి డెబ్బై చెట్ల లోపే పడతాయి, వాటితో అరవై ఏళ్ల జీవనం అనుకుని నాటుతాడు.

నష్టపరిహారం అడగొచ్చుగా అనవచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం, నమోదైన రకం చెప్పినట్టు పండకపోతే రైతు పరిహారం కోరవచ్చు. కాగితం మీద మంచి హక్కు. కానీ ఆరేళ్ల కిందట కొన్న మొక్క బిల్లు ఎవరి దగ్గర ఉంటుంది? అమ్మిన నర్సరీ ఉంటుందా? ఈ చట్టం ఏడాది పంటలను చూసుకుని ఆలోచించిందేమో అనిపిస్తుంది. 2021లో వచ్చిన రూ. 11,040 కోట్ల వంటనూనెల మిషన్ ఆయిల్ పామ్‌ను ఈశాన్యంలో, అండమాన్‌లో ప్రత్యేకంగా పెంచుతామంది. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికే పెద్ద ఎత్తున సాగవుతోంది. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన సంస్థే ఉంది. అందువల్ల ఈ ప్రశ్న కొబ్బరి దగ్గర ఆగదు. క్లోన్ ఏదైనా, కొన్ని తరాల మొక్కలు ప్రభుత్వ క్షేత్రంలో పూసి కాసిన తర్వాతే రైతుకు అమ్మాలన్న షరతు ఉండాలి. దీనివల్ల పదేళ్లు ఆలస్యమవుతుంది, కంపెనీలు గొణుగుతాయి. ఆ పదేళ్ల నష్టభయాన్ని రైతు నెత్తిన వేయడం కన్నా అది నయం.

ఎదుటి వాదనలో బలం లేకపోలేదు. కేరళలో వేరు విల్ట్ తెగులు ఉన్న తోటల మధ్యలో అక్కడక్కడ ఒక చెట్టు పచ్చగా నిలబడి ఉంటుంది. అలాంటి చెట్టు నుంచి కాయల ద్వారా మొక్కలు చేస్తే ఆ గుణం ఎన్నిట్లో నిలుస్తుందో చెప్పలేం. దానికి నకళ్లు తీయగలిగితే అంతకన్నా కావలసింది లేదు. లీథల్ యెల్లోయింగ్ తెగులు సోకిన మెక్సికో వాళ్లు ఈ పనికి అంత పట్టుదలగా దిగింది అందుకే. తిత్లీ లాంటి తుపాను తర్వాత లక్షల మొక్కలు కావలసినప్పుడు కూడా సీసా మొక్కలు ఆదుకోగలవు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ ఆ పచ్చగా నిలబడిన చెట్టు ల్యాబులో పుట్టలేదు. ఎన్నో రకాలు కలగాపులగంగా పెరిగిన తోటల్లోంచి వచ్చింది. ఆ కలగాపులగమే పెట్టుబడి.

దీనికి నాకు దొరికిన అతి స్పష్టమైన ఉదాహరణ కొబ్బరి కాదు, సైప్రస్. మన దగ్గర పార్కుల్లో, బంగళాల ముందు శంఖంలా నిటారుగా పెంచే చెట్ల బంధువు. సహారా ఎడారిలో, అల్జీరియాలోని తస్సీలీ పీఠభూమి మీద తరూత్ అనే సైప్రస్ జాతి ఉంది. మిగిలినవి సుమారు 230 చెట్లు. కొన్నిటి వయసు రెండు వేల ఏళ్లు దాటిందంటారు. 2001లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఈ చెట్టు చేసే ఒక వింతను ప్రకటించారు. దీని పుప్పొడిని మధ్యధరా ప్రాంతపు మామూలు సైప్రస్ ఆడ శంకువు మీద వేస్తే, విత్తనంలో తల్లి అంశ లేకుండా తండ్రి నకలే మొలుస్తుంది. తల్లి అద్దెకిచ్చిన గర్భం మాత్రమే. ప్రకృతే స్వయంగా క్లోనింగ్ చేస్తోందన్నమాట. సైప్రస్ జాతుల్లో కొన్నిటిని కొమ్మ కత్తిరింపుతోనూ, టిష్యూ కల్చర్‌తోనూ పెంచవచ్చు. ఇన్ని దారులున్నా, ఎన్ని లక్షల నకళ్లు తీసినా, తరూత్ జాతిలో ఉన్న వైవిధ్యం ఆ 230 చెట్లలో మిగిలినంతే. పోయిన చెట్లలో పోయిన గుణాలు ఏ సీసాలోనూ దొరకవు.

కొబ్బరికి ఇంకా ఆ స్థితి రాలేదు, ఆ దారిలో మాత్రం ఉంది. కొబ్బరి గింజను ఎండబెట్టి, వరి విత్తనంలా చల్లగదిలో దాచలేం. ఎండితే చచ్చిపోతుంది. కాబట్టి కొబ్బరి జన్యునిధి అంటే తోటే. ప్రపంచంలో ఐదు అంతర్జాతీయ కొబ్బరి తోటలున్నాయి: ఇండోనేషియా, భారత్, పాపువా న్యూ గినీ, ఐవరీ కోస్ట్, బ్రెజిల్. పాపువా న్యూ గినీలో మదాంగ్ దగ్గరున్న తోటకు బోగియా అనే తెగులు దగ్గర పడింది. ఐవరీ కోస్ట్‌లో తెగులుతో పాటు పట్టణం కూడా మీదికొస్తోంది. సిప్పీఘాట్ సంగతి చెప్పనే చెప్పాను. ఒక్క ఉదయం నేల మీటరు కుంగిన చోటది. ఒకే చోట ఒకే తోటలో సంపదంతా పెట్టడం ఎంత ప్రమాదమో ఆ పల్లంలోని కొంగలు చూస్తే చాలు. నికోబార్ దీవుల్లో అదే రోజున తీరం వెంట కొబ్బరి తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడి జనానికి కొబ్బరి తిండి, పందులకు మేత, మార్కెట్లో డబ్బు, అన్నీ. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఆ తీరంలో ఏ చెట్టుకు ఏ గుణముండేదో ఎవరూ రాసి పెట్టుకోలేదు.

అందుకే ల్యాబు పెట్టుబడిని మొదట ఈ పనికి మళ్లించాలంటాను. సిప్పీఘాట్ రకాల్లో ప్రతిదానికీ మెయిన్‌లాండ్‌లో కనీసం ఒక జోడు తోట ఉండాలి. అంబాజీపేటలో, ఉద్దానంలో ఎందుకు ఉండకూడదు? రాష్ట్రం స్థలమిస్తే, పిండాలు సీసాల్లో వస్తాయి. నికోబార్ దీవుల్లో మిగిలిన పాత చెట్ల పిండాలను, అక్కడి గిరిజన మండళ్ల అనుమతితో, వాళ్ల హక్కు రాసిపెట్టి సేకరించాలి. 2002 జీవవైవిధ్య చట్టం లాభాల పంపకం గురించి చెప్పింది కదా, అది ఇక్కడ వర్తించకపోతే ఇంకెక్కడ వర్తిస్తుంది? పిండాలను, పుప్పొడిని ద్రవ నత్రజనిలో దాచే పని కూడా జరగాలి. ఢిల్లీలో జాతీయ జన్యువనరుల బ్యూరోకు అలాంటి నిధి ఉంది. వేల నకళ్లు తీసే పని వీటి తర్వాత వస్తుంది.

ఇంటర్వ్యూలో ఎవరైనా ‘ఇదంతా ఖర్చు కదా’ అంటే ఏం చెప్పాలి? తోట ఖర్చు ఎక్కువన్నది నిజమే. ల్యాబు ఖర్చు ఒకసారి కనిపిస్తుంది, ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. తోట ఖర్చు ప్రతి ఏడూ జీతాల పద్దులో ఉంటుంది, రిబ్బను కత్తిరించడానికేమీ ఉండదు. 1981లో తెచ్చి నాటిన పొడుగు రకాలు ఇప్పుడు నలభై ఏళ్లు దాటి నిలువెత్తున పెరిగి ఉంటాయి. వాటిని స్వచ్ఛంగా పునరుత్పత్తి చేయాలంటే మళ్లీ అదే పని: ఎక్కాలి, సంచి కట్టాలి, పుప్పొడి చల్లాలి, కాయ దించాలి. పిండం తీయాలన్నా ముందు కాయ కిందికి రావాలి. ఆ ఎత్తుకు ఎక్కే మనుషులు కోనసీమలోనే కరువయ్యారు, దీవుల్లో సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కే పనికి శిక్షణ, బీమా, రోజుకూలీగా కాకుండా స్థిరమైన పోస్టు. ఏ బయోటెక్నాలజీ పథకం అంచనాల్లోనైనా ఈ మూడూ కనపడితే, దాన్ని రాసినవాళ్లు ఎప్పుడో ఒకసారి కొబ్బరి తోటలోకి వెళ్లివచ్చినవాళ్లేనని నేను నమ్ముతాను.